పొగ తాగని ఆడవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్: మన క్యాంపుల్లో దాని ఊసే ఎందుకు లేదు?

అడిగిన ప్రశ్న, కుదించి: "మాది పలమనేరు దగ్గర పల్లె. డ్వాక్రా సంఘాల తరఫున ఏటా అక్టోబరులో ఆడవాళ్ల క్యాన్సర్ క్యాంపు పెడతాం. రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు, ఈ మూడింటి గురించే చెబుతారు, వాటినే చూస్తారు. మా వదినకి 52 ఏళ్లు. బీడీ, చుట్ట ఏనాడూ ముట్టలేదు. దగ్గు అంటే నెలల తరబడి సిరప్పులు ఇచ్చారు, తర్వాత టీబీ మాత్రలు వాడించారు. ఇప్పుడు వెల్లూరులో ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ అంటున్నారు. పొగ తాగని మనిషికి ఇది ఎట్లా వచ్చింది? మా క్యాంపుల్లో దీని గురించి ఒక్క మాటైనా ఎందుకు చెప్పరు? ఈసారి ఎక్స్‌రే వ్యాను పిలిపించి అందరికీ తీయిస్తే మంచిదేనా?"

నేను తిరుపతిలో ఛాతీ వైద్యం చేస్తాను. చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, మీరు వ్యాను వాళ్లకి అడ్వాన్సు ఇచ్చేలోపు. వద్దండీ. ఏ ఇబ్బందీ లేని రెండు వందల మందికి ఎక్స్‌రే తీయిస్తే డబ్బు ఖర్చవుతుంది, పాత టీబీ మచ్చలు బయటపడి కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది, అసలు పట్టుకోవాల్సిన చిన్న గడ్డలు మాత్రం చాలావరకు తప్పించుకుపోతాయి. లక్షణాలతో వచ్చిన రోగుల్లోనే ఎక్స్‌రే ఐదుగురిలో ఒకరి దాకా క్యాన్సర్‌ని చూపించదు. గుండె వెనకా, పక్కటెముకల చాటునా ఉన్న గడ్డ ఫిల్ములో కనబడదు. "ఎక్స్‌రే క్లియర్" అన్న కాగితం చేతిలో పెట్టుకుని ఆరు నెలలు ఇంట్లో కూర్చున్న దగ్గు ఉంటుందే, అది ఎక్స్‌రే తీయని దగ్గు కంటే ప్రమాదం.

మరి క్యాంపులో ఏం చేయాలి అన్నది కింద చెబుతాను. ముందు మీ రెండో ప్రశ్న, ఎందుకు చెప్పరు అన్నది. అందులో న్యాయమైన కోపం ఉంది కానీ, అవతలి వాళ్ల వైపు కూడా కొంత న్యాయం ఉంది.

మన దేశంలో ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చేవి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, అండాశయం, నోటి క్యాన్సర్లు. ఊపిరితిత్తులది వాటి తర్వాతే. 30 ఏళ్లు దాటిన వాళ్లకి ప్రభుత్వం చేయిస్తున్న పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడూ ఎందుకున్నాయంటే, ఎక్కువగా వస్తాయన్నది ఒక కారణం, పల్లెలోనే చూడొచ్చన్నది రెండో కారణం. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తారు. రొమ్ముని చేత్తో తాకి చూస్తారు. గర్భాశయ ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబడిందేమో చూస్తారు. శిక్షణ ఉన్న నర్సు పీహెచ్‌సీలోనే చేయగలిగిన పనులివి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ల పింక్ బస్సు ఊళ్లకి వచ్చినా చూసేది ఇవే. ఊపిరితిత్తి విషయంలో అట్లా తాకి, చూసి తేల్చే దారి లేదు. అందుకని అది జాబితాలోకి ఎక్కలేదు. ఇంతవరకు నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఎక్కడంటే, పరీక్ష లేదు కాబట్టి మాట కూడా లేకుండా పోయింది. గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు, సెల్ఫీ ఫ్రేములు అన్నీ అక్టోబరులో అయిపోతాయి. నవంబరు ఊపిరితిత్తుల క్యాన్సర్ అవగాహన నెల అని మన జిల్లాలో ఎంతమందికి తెలుసు? ఎక్కడైనా పోస్టరు కనిపించినా దాని మీద సిగరెట్ పట్టుకున్న మగాడి బొమ్మే ఉంటుంది. ఆ పోస్టరు చూసిన ఆడమనిషి "ఇది మనది కాదులే" అని పక్కకి తప్పుకుంటుంది. తప్పు ఆమెది కాదు, బొమ్మది.

లెక్కలు చూస్తే, 2022లో ప్రపంచం మొత్తం మీద ఆడవాళ్ల ప్రాణాలు తీసిన క్యాన్సర్లలో రొమ్ముది మొదటి స్థానం, ఊపిరితిత్తులది రెండోది. అమెరికాలో 1987లోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్‌ని దాటి ఆడవాళ్ల మరణాల్లో ముందుకొచ్చింది. అక్కడ కారణం సిగరెట్. మన దగ్గర ఆ కథ పనికిరాదు. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో మగవాళ్లలో 19 శాతం పొగ తాగుతుంటే ఆడవాళ్లలో 2 శాతమే. అడ్డపొగ, అంటే చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లలో ఉంది కానీ, చిత్తూరు వైపు ఆకు వక్కలో పొగాకు నమిలేవాళ్లే తప్ప చుట్ట కాల్చే ఆడవాళ్లు అరుదు. నా దగ్గర ఈ జబ్బు తేలిన ఆడవాళ్లలో ఎక్కువమంది పొగాకు ముట్టనివాళ్లే. ఆసియా దేశాల్లో చాలాచోట్ల ఇదే పరిస్థితి.

ఇక ఎట్లా వచ్చింది అన్నది. మీ వదిన విషయంలో ఇదిగో ఇదే కారణం అని ఏ డాక్టరూ వేలు పెట్టి చూపించలేడు. చూపిస్తే నమ్మకండి. కానీ పొగ తాగని వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పొగ పోదని అనుకోవడానికి లేదు. ఇంట్లో భర్తో, మామో కాల్చే బీడీ ఒకటి. జపాన్‌లో హిరాయామా అనే శాస్త్రవేత్త 1981లోనే చూపించాడు, బాగా సిగరెట్లు కాల్చే మగవాళ్ల భార్యలకి, తాము తాగకపోయినా, ఈ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని. తర్వాత ఎన్నో దేశాల్లో చూశారు. పొగరాయుడితో కాపురం చేసే ఆడమనిషికి ప్రమాదం 20 నుంచి 30 శాతం ఎక్కువ. బస్టాండులో తాగితే జరిమానా అనే చట్టం ఉంది. పది అడుగుల గదిలో, మంచం మీద కూర్చుని తాగితే అడిగే చట్టం లేదు.

రెండోది పొయ్యి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఇళ్లల్లో బొగ్గు కాల్చితే వచ్చే పొగ క్యాన్సర్ తెస్తుందని ఖాయంగా చెప్పింది. కట్టెల పొగని మాత్రం "బహుశా తెస్తుంది" అనే వర్గంలో పెట్టింది. నూనె బాగా కాగబెట్టి వేయించేటప్పుడు వచ్చే ఆవిరి కూడా ఆ వర్గంలోనే ఉంది. చైనాలో యున్నాన్ రాష్ట్రంలో షువాన్‌వే అనే ప్రాంతం ఉంది. అక్కడ పొగగొట్టం లేని పొయ్యిలో ఒక రకం బొగ్గు కాల్చేవారు. పొగ తాగని ఆడవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆ దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి. పొయ్యికి గొట్టం పెట్టించుకున్న ఇళ్లల్లో తర్వాతి ఏళ్లల్లో జబ్బు బాగా తగ్గింది. మనది బొగ్గు కాదు, కట్టె. అందుకని ఆ లెక్క తెచ్చి మన మీద రుద్దను. గొట్టం సంగతి మాత్రం మనకీ పనికొస్తుంది.

"మాకు గ్యాసు ఉంది కదా" అంటారు. దీపం పథకం 1999 నాటిది, ఉజ్వల 2016లో వచ్చింది, ఇప్పుడు దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అయినా పల్లెల్లో అడిగి చూడండి. టీకి, కూరకి గ్యాసు. సంగటి కెలకడానికీ, వెన్నీళ్లకీ కట్టెల పొయ్యి. ఇంట్లో అందరికీ స్నానానికి నీళ్లు కాగేదాకా ఆ పొయ్యి ఊదేది ఎవరు? ఇక బెల్లం వండే చోట చెరకు పిప్పి మంట దగ్గర, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో రాతి దుమ్ములో పనిచేసే ఆడవాళ్లూ ఉన్నారు. రాతి దుమ్ములోని సిలికా క్యాన్సర్ కారకమని 1997లోనే తేల్చారు. వాహనాల డీజిల్ పొగ సంగతి 2012లో, మొత్తం బయటి గాలి కాలుష్యం సంగతి 2013లో తేలింది. ఇన్ని చెప్పినా, ఇవేవీ లేని ఇంట్లో కూడా ఈ జబ్బు వచ్చినవాళ్లున్నారు. కొందరిలో కణంలోని ఒక జన్యువు తప్పుదారి పడుతుంది, ఎందుకో తెలియదు. కాబట్టి మీ వదిన "నేనేం పాపం చేశాను" అంటే, ఏమీ చేయలేదని గట్టిగా చెప్పండి. తిరుమల కొండెక్కి మొక్కు తీర్చలేదనో, ఎవరి దిష్టో అనే మాటలు ఇంట్లో మొదలైతే వాటిని కూడా అక్కడే ఆపండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను: జబ్బుని ఆలస్యంగా కనిపెట్టడం. నా ఉద్దేశంలో ఆడవాళ్ల విషయంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని జనం మరిచిపోవడం కంటే డాక్టర్లు అనుమానించకపోవడం పెద్ద సమస్య. మగమనిషి దగ్గుతూ వస్తే "బీడీ తాగుతావా" అని అడుగుతాం. అవునంటే చెవులు రిక్కిస్తాం. ఆడమనిషి "లేదు" అనగానే మన మనసులో ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ తర్వాత అలర్జీ, నిమ్ము, ఉబ్బసం, గ్యాసు, చివరికి టీబీ. ఆమె కూడా దానికి తగ్గట్టే చెబుతుంది: "పొయ్యికాడ పొగకి దగ్గు వస్తా ఉండాది డాక్టరమ్మా, ఏం లేదు." భుజం నొప్పి అంటే పనికి అనుకుంటుంది. సన్నబడితే షుగర్ అనుకుంటుంది. ఆసుపత్రికి పోవాలంటే కొడుక్కి సెలవు దొరకాలి, మామిడి కాయలు ఫ్యాక్టరీకి చేరాలి, మనవడి పరీక్షలు అయిపోవాలి.

దానికి తోడు పొగ తాగని వాళ్లలో ఎక్కువగా వచ్చే రకం, అడినోకార్సినోమా, ఊపిరితిత్తి అంచుల్లో పుడుతుంది. పెద్ద గాలిగొట్టానికి దూరంగా ఉంటుంది కాబట్టి తొలి రోజుల్లో దగ్గు రాదు, రక్తం పడదు. చాలామందిలో మొదట కనబడేది ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి వచ్చే ఆయాసం. లేకపోతే ఎముకకి పాకి వచ్చే నడుం నొప్పి. ఇంకొందరిలో తలనొప్పి, ఫిట్స్. నడుం నొప్పితో ఎముకల డాక్టరు దగ్గర తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

టీబీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ వదినకి జరిగింది అదే, మన రాష్ట్రంలో చాలామందికి జరుగుతున్నదీ అదే. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ. రెండు జబ్బులకీ ఇవే. టీబీ మన దగ్గర ఎక్కువ కాబట్టి ముందు దాన్ని అనుకోవడం తప్పు కాదు. కళ్లె పరీక్ష చేయకుండానో, చేస్తే నెగెటివ్ వచ్చాక కూడానో "చూద్దాంలే" అని ఆరు నెలల కోర్సు మొదలుపెట్టడం దగ్గర తేడా వస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాల మీద కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు. టీబీ క్రిమి కనబడితే మాత్రలు నిక్షేపంగా వేసుకోండి, ఒక్క రోజు కూడా మానొద్దు. కనబడకపోయినా డాక్టరు మాత్రలు మొదలుపెట్టారంటే, నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించి పాతదాని పక్కన పెట్టి చూడమని అడగండి. మచ్చ తగ్గలేదా, పెరిగిందా, మనిషి ఇంకా సన్నబడుతోందా, అయితే సీటీ స్కాన్. దానిలో గడ్డ కనిపిస్తే ముక్క పరీక్ష (బయాప్సీ). కొన్నిసార్లు టీబీ, క్యాన్సర్ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, కాబట్టి ఒకటి దొరికిందని రెండోదాని మీద అనుమానం పూర్తిగా వదలకూడదు.

నీరు చేరిన వాళ్లలో కూడా ఇదే తప్పు జరుగుతుంది. నీరు తీస్తారు, టీబీని సూచించే ఏడీఏ అనే పరీక్ష కాస్త ఎక్కువ వస్తుంది, టీబీ అంటారు. తీసిన నీటిని క్యాన్సర్ కణాల కోసం కూడా పంపమని అడగాలి. ఒకసారి పంపితే వచ్చిన నెగెటివ్ చివరి మాట కాదు. క్యాన్సర్ వల్లే చేరిన నీటిలో కూడా పదింట నాలుగుసార్లు కణాలు దొరకవు. నీరు ఎర్రగా ఉన్నా, తీసిన వారానికే మళ్లీ నిండినా అక్కడితో ఆగొద్దు.

అందుకని క్యాంపులో మీరు పెట్టాల్సింది యంత్రం కాదు, ప్రశ్నలు. రొమ్ము పరీక్షకి వరుసలో కూర్చున్న ప్రతి ఆడమనిషినీ ఆశా కార్యకర్త అడగాలి: మూడు వారాలు దాటి దగ్గు ఉందా, పాత దగ్గే అయితే ఈమధ్య తీరు మారిందా? కళ్లెలో ఎప్పుడైనా ఎర్రగా పడిందా? గొంతు బొంగురుపోయి బాగవలేదా? కారణం లేకుండా సన్నబడ్డావా? కళ్లె పరీక్ష చేయకుండా టీబీ మాత్రలు వాడుతున్నావా? బీడీ తాగుతావా అన్నది ఆఖర్న అడగండి, దాని జవాబు "లేదు" అయినా ముందువాటి జవాబులు కొట్టేయకండి. టీబీ ప్రచారం పుణ్యమా అని రెండు వారాల దగ్గుకి కళ్లె పరీక్ష అన్న మాట పల్లెల్లో చాలామందికి తెలుసు. కొత్త నినాదం అక్కర్లేదు. ఆ తలుపులోనే మనమూ దూరదాం. కళ్లెలో టీబీ లేకపోతే "హమ్మయ్య" అని ఇంటికి పోకుండా, మరి దగ్గు దేనికి అని అడిగేదాకా తీసుకెళ్లాలి.

అవునన్న వాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లతో ఎవరు ఆసుపత్రికి వెళ్తారో కూడా అక్కడే రాయండి. మా అనుభవంలో ఆగిపోయేది అక్కడే. సంఘంలో ఇద్దరు తోడు వెళ్తామంటే సగం పని అయినట్టు. చిత్తూరు జిల్లా ఆసుపత్రి, తిరుపతిలో రుయా, స్విమ్స్, 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి స్వీకార్ ఉన్నాయి. మీ పలమనేరుకి వెల్లూరు సీఎంసీ కూడా దూరం కాదు. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ పరీక్ష, ఏ మందు వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర ముందే అడిగి తెలుసుకోండి, తర్వాత అడిగితే కాగితాల తిప్పట ఎక్కువ.

మరి తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ సంగతేంటి అని ఎవరైనా చదువుకున్న పిల్లలు అడుగుతారు. ఆ పరీక్షకి బలం ఉంది. అమెరికాలో 53 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, ఎక్స్‌రేతో పోలిస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. కానీ అది బాగా సిగరెట్లు కాల్చిన వాళ్ల మీద చేసింది. అక్కడి నియమం ఇప్పటికీ 50 నుంచి 80 ఏళ్ల మధ్య, 20 ఏళ్లపాటు రోజుకో ప్యాకెట్ లెక్కన కాల్చిన వాళ్లకే. మీ వదిన లాంటి మనిషి ఆ లెక్కలోకి రానే రాదు. తైవాన్ మాత్రం 2022లో కొత్త దారి తొక్కింది. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో, బిడ్డకో ఈ జబ్బు ఉంటే, పొగ తాగకపోయినా ప్రభుత్వమే ఈ స్కాన్ చేయిస్తోంది. దాని మీద కూడా వాదన ఉంది: ఎప్పటికీ ప్రాణం తీయని చిన్న గడ్డలకి కూడా ఆపరేషన్లు చేసేస్తున్నారని. మన దగ్గర టీబీ మచ్చలు అడుగడుగునా ఉంటాయి, ప్రతి మచ్చకీ సూది గుచ్చుకుంటూ పోలేం. "మహిళా దినోత్సవ ప్యాకేజీ" పేరుతో అందరికీ సీటీ అమ్మే ల్యాబుల దగ్గరికి మీ సంఘం వాళ్లని పంపకండి. మీ వదిన కూతురు నలభైలు దాటిందా? అయితే ఆమె ఒక్కతే వెళ్లి ఛాతీ డాక్టరుతో మాట్లాడొచ్చు. పాతికేళ్ల పిల్లలకి ఇప్పుడు స్కాన్ అక్కర్లేదు.

చివరిగా వదిన వైద్యం. నాలుగో దశ అనగానే ఇంటికి తీసుకొచ్చేద్దాం అనే మాట మీ ఇంట్లో ఈపాటికి వచ్చే ఉంటుంది. ఆగండి. పొగ తాగని ఆడవాళ్లలో ఈ జబ్బుకి ఒక మంచి వైపు ఉంది. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. పొగ తాగని ఆడవాళ్లలో అంతకంటే ఎక్కువ. ఈ మార్పు ఉన్నవాళ్లకి సెలైన్‌లో ఎక్కించే కీమో బదులు రోజూ వేసుకునే మాత్ర ఉంది. 2009లో వచ్చిన ఐపాస్ అధ్యయనంలో పాల్గొన్నది తూర్పు ఆసియా రోగులు, వాళ్లలో ఎక్కువమంది పొగ తాగని ఆడవాళ్లు. మార్పు ఉన్నవాళ్లలో జెఫిటినిబ్ మాత్ర కీమో కంటే మెరుగ్గా పనిచేసింది. మార్పు లేనివాళ్లలో కీమోయే మేలు. అందుకే ఊహించి మాత్ర వేయకూడదు, పరీక్ష చేయించాలి. తర్వాత వచ్చిన ఒసిమెర్టినిబ్ మాత్రతో జబ్బు అదుపులో ఉన్న కాలం సగటున 19 నెలలకి దగ్గరగా ఉంది, పాత మాత్రలతో అది 10 నెలలే. ఖరీదు ఎక్కువ. 2024 కేంద్ర బడ్జెట్‌లో దాని మీద దిగుమతి సుంకం తీసేశారు కానీ, మామూలు ఇంటికి ఇప్పటికీ భారమే. జెఫిటినిబ్ మన దేశంలోనే తయారవుతుంది, చాలా చవక. ఏఎల్‌కే అనే ఇంకో మార్పు ఉంటే దానికి వేరే మాత్రలున్నాయి.

మీరు ఈ వారమే చేయాల్సిన పని: ముక్క పరీక్ష రిపోర్టు తీసి అందులో అడినోకార్సినోమా అని ఉందా, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు పంపారా లేదా చూడండి. పంపకపోతే, మనిషి నిలకడగా ఉంటే, ఆ ఫలితం వచ్చేదాకా వారం పదిరోజులు ఆగొచ్చా అని డాక్టరుని అడగండి. ఆసుపత్రి మారేటట్టయితే మైనం దిమ్మెలో భద్రపరిచిన ఆ ముక్కని, స్లైడ్లని అడిగి వెంట తీసుకెళ్లండి, లేకపోతే మళ్లీ సూది గుచ్చించుకోవాల్సి వస్తుంది. మాత్ర మొదలయ్యాక మొహం మీద మొటిమల్లాంటి పొక్కులు, విరేచనాలు రావచ్చు. వాటికి భయపడి సొంతంగా మానేయకుండా డాక్టరుకి చూపించండి. ఇంకో ముఖ్యమైన సంగతి, మనవాళ్లు పొద్దున లేస్తూనే వేసుకునే గ్యాస్ మాత్ర జెఫిటినిబ్‌ని ఒంటికి పట్టనివ్వదు. వదిన అది వాడుతుంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి.